ఒక్క డ్రమ్ము అన్ని బండ్లకూ సరిపోదు

షెడ్డులో ఎనిమిది డీజిల్ బండ్లున్నాయి. కొత్తగా నాలుగు పెట్రోల్ ట్రక్కులు వచ్చి చేరాయి. టాటా ఏస్ పెట్రోలో, మారుతి సూపర్ క్యారీయో అనుకోండి. మూలన 15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్ డ్రమ్ము సగం నిండుగా ఉంది. ‘అదే పోసేద్దాం’ అనిపించడం సహజం. ఆగండి.

డబ్బా వెనక్కి తిప్పితే ఏపీఐ గుండ్రటి ముద్ర కనిపిస్తుంది. అందులో ‘ఎస్’తో మొదలయ్యేది పెట్రోల్ తరగతి, ‘సీ’తో మొదలయ్యేది డీజిల్ తరగతి. రెండో అక్షరం ముందుకెళ్లేకొద్దీ ప్రమాణం కొత్తది: ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. కొన్ని డబ్బాలపై ‘సీఐ-4 ప్లస్/ఎస్‌ఎల్’ అని రెండూ ఉంటాయి. చూసి మురిసిపోకండి, ఎస్‌ఎల్ 2001 నాటిది.

తేడా ఎక్కడంటే, అరుగుదలను ఆపడానికి ఆయిల్‌లో జింక్, ఫాస్ఫరస్ ఉన్న రసాయనం కలుపుతారు. ఇంజన్ కాస్తోకూస్తో ఆయిల్ తాగినప్పుడల్లా ఆ ఫాస్ఫరస్ పొగతో పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌లో పేరుకుని దాన్ని పాడుచేస్తుంది. అందుకే ఎస్‌పీ 5డబ్ల్యూ-30లో ఫాస్ఫరస్‌కు పది లక్షల పాళ్లలో 800 పరిమితి పెట్టారు. డీజిల్ సీకే-4లో అది 1,200 దాకా ఉండొచ్చు. ఒక్కసారి పోస్తే కొంప మునగదు. అలవాటైతే మాత్రం కన్వర్టర్ ఖర్చు ముందు ఆయిల్‌లో మిగిలింది ఏపాటి?

ఇక చిక్కదనం. ‘బెజవాడ ఎండలు సార్, చిక్కటిది పోద్దాం’ అంటాడు మెకానిక్. కానీ ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ను థర్మోస్టాట్ మేలో అయినా డిసెంబరులో అయినా దాదాపు ఒకే వేడిలో ఉంచుతుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా పారుతుందో, వెనకున్నది 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. కంపెనీ పుస్తకంలో ఏ గ్రేడు రాశారో అదే పోయండి.

నా లెక్కలో అసలు చిక్కు గ్రేడు కాదు, ఆయిల్ మార్చే గడువు. ఇంటింటికీ వాటర్ క్యాన్లు వేసే బండి వీధికి నాలుగుసార్లు ఆగుతుంది, ఇంజన్ సరిగా వేడెక్కదు. కాలని పెట్రోలూ, తేమా పిస్టన్ పక్కల నుంచి ఆయిల్‌లోకి దిగుతాయి. డిప్‌స్టిక్ తీస్తే మట్టం తగ్గకపోగా కాస్త పెరిగి ఉంటుంది. ‘మన బండి ఆయిల్ తాగట్లేదు’ అని డ్రైవర్ సంబరపడతాడు. ఆ పుల్ల వాసన చూడమనండి, పెట్రోల్ కంపు కొడుతుంది. ఇలాంటి బండికి కిలోమీటర్లు చూస్తూ కూర్చుంటే కుదరదు, నెలలు లెక్కపెట్టాలి. అమెరికాలో బండ్ల యజమానులు కొందరు బండి కదలకుండా ఇంజన్ గంటసేపు నడిస్తే దాన్ని 25 మైళ్ల ప్రయాణంగా, అంటే సుమారు 40 కిలోమీటర్లుగా రాసుకుంటారు.

బ్రాండు గురించి చివర్న ఆలోచించొచ్చు. ముందు ప్రతి బండిలో డ్రైవర్ సీటు దగ్గర దాని గ్రేడు, మార్చిన తేదీ రాసిన స్టిక్కరు అంటించండి. ఆయిల్ పోశాక ఖాళీ డబ్బాకు మేకుతో చిల్లు పెట్టండి. నకిలీ ఆయిల్ తిరిగొచ్చేది చిల్లు లేని ఖాళీ డబ్బాల్లోనే.