వనపర్తి రాణి కుముదినీదేవిగారు

పాలమూరు సీమయందు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము మొదలగు సంస్థానములు పండితులకు పుట్టినిండ్లవంటివని మన పెద్దలు చెప్పగా సోదరీమణులు వినియే యుందురు. ఆ సంస్థానాధీశుల పేళ్లు కావ్యములయందు నిలిచినవి. అంతఃపురమునందలి స్త్రీల పేళ్లు మాత్రము మనకంతగా తెలియవు. అట్టి వనపర్తి యింటికి కోడలుగా వచ్చి, ఇంటివారే వెలివేసిన రోగులకొక యింటిని కట్టించి యిచ్చిన రాణీ కుముదినీదేవిగారిని గూర్చి యీ మాసమున ముచ్చటింపదలచితిమి.

ఆమె 1911వ సంవత్సరము జనవరి 23వ తేదీన ఓరుగల్లు దాపునగల వడ్డేపల్లిలో జన్మించిరి. తండ్రి పింగళి వేంకటరామారెడ్డిగారు, నిజాము ప్రభుత్వపు కడపటి దినములలో ఉపప్రధాని పదవిని నిర్వహించినవారు. వనపర్తి సంస్థానమునకు చెందిన రాజా రామదేవరావుగారిని వివాహమాడి ఆమె పాలమూరు ఆడపడుచులకు ఆత్మీయురాలైరి. పుట్టినింట అధికారము, మెట్టినింట సంస్థానము. ఇట్టి భాగ్యమున పెరిగినవారు పరుల కష్టము నెఱుగుట అరుదని లోకులు తలచుటలో వింతయేమి?

మెట్టినింటి సంగతి కొంత చెప్పవలసియున్నది. వనపర్తికి దాపున మదనాపురము కడ వాగునకు కట్టిన జలాశయమునకు సరళాసాగరమని పేరు. అది ఆ కుటుంబమునందలి రాణీ సరళాదేవిగారి పేరు. నీరు నిండిన యంతట మనుష్యుడు తలుపులెత్తకయే తనంతట తానే నీరు బయటికి పాఱునట్టి సైఫను ఏర్పాటు దాని విశేషము. 2019 డిసెంబరు 31వ తేదీన దాని కట్టకు గండిపడెను. ఆ కుటుంబమునందే రాజా రామేశ్వరరావుగారి భార్య శాంతా రామేశ్వరరావుగారు 1961లో హైదరాబాదునందు విద్యారణ్య పాఠశాలను నెలకొల్పి, పురాణకథలను పిల్లలకు తగినట్లు ఇంగ్లీషున వ్రాసిరి. పాకీపనివారి బ్రతుకును గూర్చి ఆమె యొక నవలయు రచించిరి. బడిపంతులు గారి యిల్లాలిమగుటచే మాకు పాఠశాలమాట వచ్చినచో కలము నిలువదు, క్షమింపగోరుచున్నాము. చెప్పదలచిన దేమనగా, కుముదినీదేవిగారి సేవ ఒంటరిగా మొలచిన మొక్క కాదు. చదువును, కళను, పరోపకారమును ఇంటి పనులలోనివిగనే యెంచిన కుటుంబమది.

1948లో నిజాము పాలన ముగిసెను. మఱుసటి యేట జాగీర్లు రద్దయ్యెను. బిరుదములు మాత్రము నోటిమాటగా మిగిలినవి. వనపర్తి రాజభవనము తరువాత పాలిటెక్నిక్ కళాశాల యయ్యెను. అధికారము పోయినవారు కొందఱు పాతదినములను తలచుకొని నిట్టూర్చుచు కాలము గడుపుదురు. కుముదినీదేవిగారు నడివయస్సున, నలువదియేడవ యేట, ఎవరును కోరని పని నెత్తికెత్తుకొనిరి. అది కుష్ఠరోగుల సేవ.

ఈ వ్యాధిని గూర్చి మన యిండ్లలో ఏమి జరుగుచుండెనో మా నల్లగొండ సీమవారికిని, పాలమూరు వారికిని వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇంట నొకరి యొంటిపై మచ్చ కనబడెనా, కంచము వేఱు, చెంబు వేఱు, పడక పశువుల కొట్టమున. పెండ్లికెదిగిన పిల్లయున్న యింట నీ మాట పొక్కినచో సంబంధములు తప్పిపోవును. కావున దాచెదరు. దాచుటవలన మందు ఆలస్యమగును. ఆలస్యమువలన నరములు చెడి స్పర్శ నశించును. స్పర్శ లేని చేతులకు మొట్టమొదటి శత్రువు మన వంటయిల్లే! పొయ్యిమీది గిన్నెను వట్టిచేతులతో దింపినను వేడి తెలియదు. కత్తిపీట కోసినను నొప్పి తెలియదు. పుండ్లుపడి, మానక, వ్రేళ్లు కుఱుచలై పోవును. వ్రేళ్లు రాలిపోవుట పాపఫలమని మనవారనుకొనిరిగాని, అది దినదినము తెలియక తగిలిన గాయముల ఫలము. రోగియైనది పురుషుడైనచో భార్య గంజి కాచి పోసెను. రోగియైనది భార్యయైనచో ఆమె పుట్టినింటికో, తీర్థక్షేత్రపు మెట్లమీదికో చేరుట పెక్కుమార్లు కన్నమాటయే.

నిజమునకు ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే దేశపు వైద్యుడు హాన్సెను 1873లోనే కనుగొనెను. మన తెలంగాణమున నిజామాబాదు దాపునగల డిచ్‌పల్లిలో 1915లో నరసాగౌడుగారి విరాళముతో ఇసబెల్ కెర్ అను స్కాట్లండు దేశపు వైద్యురాలు కుష్ఠరోగుల ఆసుపత్రిని స్థాపించెను. 1940 ప్రాంతముల డాప్సోను మందు వచ్చెను. మందు వచ్చినను మనస్సు మాఱలేదు. రోగము కుదిరినవానికి కూడ ఊరిలో తావు లేకుండెను.

ఆ తావును కల్పించుటకే 1958లో కుముదినీదేవిగారు హైదరాబాదు పొలిమేరనున్న కూకటిపల్లిలో శివానంద పునరావాస కేంద్రమును స్థాపించిరి. ఋషీకేశమున వెలసిన స్వామి శివానందులు సన్న్యసింపకమునుపు మలయా దేశమున వైద్యుడుగా పనిచేసినవారు. వారి ప్రభావము ఆమెపై మెండు. సంస్థ పేరున గల పునరావాసమను మాటను సోదరీమణులు గమనింతురుగాక. అది మందిచ్చి పంపివేయుట కాదు, దాచిపెట్టుటయు కాదు. మరల మనుష్యులలో నివసింపజేయుట. తరువాతికాలమున ఆ సంస్థ క్షయరోగులకును చికిత్స చేసినది. నేడు కూకటిపల్లి మేడలతో క్రిక్కిఱిసిన నగరభాగము. 1958లో అది ఊరికి దూరమగు పల్లె.

రాణీగారికి ధనమున్నది, చేసిరి. మనకు శక్యమా యని మా యింటి వసారాలో కూర్చుండి యొక పొరుగింటి యమ్మ అడిగెను. ఆ ధనము రైతుల పన్నులనుండి పుట్టినదేగదా యనుటయు న్యాయమే, మేము కాదనము. అయినను విరాళమిచ్చి పేరు చెక్కించుకొనుట వేఱు. రోగులతోడి సంస్థను నెలకొల్పి దశాబ్దముల తరబడి దానిని విడువకుండుట వేఱు. మొదటిదానికి ధనము చాలును.

ప్రజాసేవ మాట క్లుప్తముగా చెప్పెదము. 1952 ఎన్నికలలో వనపర్తినుండి శాసనసభకు వెళ్లినవారు మన సురవరము ప్రతాపరెడ్డిగారు, గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించిన మహనీయులు. అట్టివారు ప్రాతినిధ్యము వహించిన స్థానమునుండి కుముదినీదేవిగారు 1962 మొదలు 1972 వఱకు రెండు పర్యాయములు సభ్యురాలుగా నుండిరి. ఆ 1962లోనే హైదరాబాదు నగరమునకు మేయరైరి. ఆ పదవినధిష్ఠించిన మొదటి స్త్రీ ఆమెయే. రాచపుట్టుక గలవారు ఇంటింటికి తిరిగి ఓటడుగుట, మురుగుకాలువల మొఱలు వినుట చిన్నమాట కాదు. ఆమె 2009 ఆగస్టు 6వ తేదీన, తొంబదియెనిమిదేండ్ల వయస్సున పరమపదించిరి.

ఆమె కాలము చేయునాటికి ఈ వ్యాధిని పూర్తిగా కుదుర్చు మందులు వచ్చి యిరువది యేండ్లు దాటినది; 1981లోనే ప్రపంచ ఆరోగ్యసంస్థ పలుమందుల చికిత్సను సిఫారసు చేసినది. చట్టము మాత్రము వెనుకబడియుండెను. బిచ్చమెత్తు కుష్ఠరోగిని పట్టి నిర్బంధించుటకు వీలిచ్చిన 1898 నాటి చట్టము 2016లోగాని పోలేదు. 1955 నాటి హిందూ వివాహచట్టమున కుష్ఠు విడాకులకొక కారణముగా వ్రాయబడియుండెను. కూకటిపల్లిలో కేంద్రము నెలకొల్పిన అఱువదియొక్క సంవత్సరములకు, 2019లో, పార్లమెంటు ఆ మాటను తొలగించెను. మందుతో కుదురు రోగమునకు భార్యను విడుచుట ఇన్నినాళ్లు న్యాయసమ్మతమై యుండెను!

గృహిణులకొక్కమాట. ఒంటిమీద పాలిపోయినట్లో, ఎఱ్ఱనగానో యున్న మచ్చయందు దూదితో తాకినను స్పర్శ తెలియనిచో, దురద లేదు, నొప్పి లేదు, ఏమగునులే యని ఊరకుండరాదు. నొప్పి లేకుండుటయే దాని గుర్తు. ప్రభుత్వాసుపత్రులలో మందు ఉచితముగా నిత్తురు. రోగమును బట్టి ఆఱు నెలలో, పండ్రెండు నెలలో వాడవలెను. మందు మొదలిడిన కొలదిదినములకే ఇతరులకు సోకు భయము తొలగును. ఆ యింటివారి కంచము వేఱు చేయనక్కఱలేదు.