టిక్కు పడింది సరే, సైటేదీ?

కోడ్ పుష్ చేయగానే వెబ్‌సైట్ దానంతటదే మారిపోవడం ఇవాళ్టి వింత కాదు. గిట్‌హబ్ పేజెస్ 2008 డిసెంబరులోనే వచ్చింది. గిట్‌హబ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ అదే ఏడాది రాసిన జెకిల్ చాలాకాలం దానికి ఇంజన్‌గా పనిచేసింది. తర్వాత నెట్లిఫై, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ లాంటివి బరిలోకి దిగాయి. పుష్ చేయగానే బిల్డ్ లాంటి పనుల్ని దానంతటదే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ 2019 నవంబరులో అందరికీ అందింది. 2022 నుంచి హ్యూగో అయినా, ఆస్ట్రో అయినా మన సొంత వర్క్‌ఫ్లోతో బిల్డ్ చేసి నేరుగా గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టుకోవచ్చు. పద్ధతి ఇంత పాతబడినా చిన్న పత్రికకో, కాలేజీ క్లబ్బుకో, సొంత బ్లాగుకో సైట్ పెట్టుకునేవాళ్ల నోట అవే అపోహలు వినిపిస్తుంటాయి. బిల్డ్ జరిగేది మన కంప్యూటర్లో కాదన్న సంగతి మరిచిపోవడం దగ్గరే వాటిలో చాలావాటికి మూలం ఉంది.

అపోహ: నా ల్యాప్‌టాప్‌లో బాగానే వస్తోంది, అక్కడా వస్తుంది

యాక్షన్స్‌లో వర్క్‌ఫ్లో నడిచిన ప్రతిసారీ ఒక కొత్త వర్చువల్ మిషన్ లేస్తుంది. మామూలుగా దాని మీద ఉండేది ఉబుంటు. మీరు ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసి మరిచిపోయిన ప్యాకేజీలు అందులో ఉండవు. పని కాగానే ఆ మిషనే ఉండదు. రిపోలో ఏముందో, వర్క్‌ఫ్లో ఫైల్లో ఏం రాశారో అంతవరకే దానికి తెలుసు. హ్యూగో థీమ్‌ను సబ్‌మాడ్యూల్‌గా పెట్టుకుని, చెక్‌అవుట్ స్టెప్పులో సబ్‌మాడ్యూల్స్ కూడా తెమ్మని చెప్పకపోతే థీమ్ ఫోల్డర్ ఖాళీగానే ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ మందిని పట్టుకునేది పేర్లలో పెద్దక్షరాలు, చిన్నక్షరాల తేడా. విండోస్, మ్యాక్ మామూలుగా దాన్ని పట్టించుకోవు. కెమెరా నుంచి దించిన ఫొటో పేరు చివర జేపీజీ అన్నది ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉండి, పేజీలో దాన్నే చిన్నక్షరాల్లో రాసినా మన దగ్గర బొమ్మ కనిపిస్తుంది. లినక్స్‌కు అవి రెండు వేరు ఫైళ్లు. చాలాసార్లు బిల్డ్ కూడా ఫెయిల్ కాదు, సైట్‌లో బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి మిగులుతుంది. సరే కదా అని విండోస్‌లో పేరు మార్చి కమిట్ చేయబోతే, అక్షరాల సైజు ఒక్కటే మారిందని గిట్ ఆ మార్పును లెక్కలోకి తీసుకోదు. గిట్ ఎంవీ కమాండ్‌తో మార్చాలి.

తెలుగులో రాసేవాళ్లకు దీనికి తోడు సొంత తంటా ఒకటుంది. కథ శీర్షికనే ఫైల్ పేరుగా పెట్టడం కొందరికి అలవాటు. లినక్స్‌లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో తెలుగు హల్లుకు 3 బైట్లు, గుణింతపు గుర్తుకు ఇంకో 3, వత్తు కోసం లోపల దాగుండే పొల్లుకు మరో 3. కంటికి ఒకే అక్షరంలా కనిపించే ‘స్త్రీ’ లోపల 6 గుర్తులు, అంటే 18 బైట్లు. ఈ లెక్కన 85 గుర్తులకే కోటా చెల్లు, అందులోనే ఎక్స్‌టెన్షన్ కూడా ఇమడాలి. విండోస్ లెక్క వేరు. అక్కడి 255 బైట్లు కావు, యూటీఎఫ్-16 యూనిట్లు. తెలుగు గుర్తు ఒక్కోటి ఒక్క యూనిట్టే. అందుకే 100 గుర్తుల శీర్షిక విండోస్‌లో హాయిగా సేవ్ అవుతుంది, ఉబుంటు మిషన్ మాత్రం ఫైల్ నేమ్ టూ లాంగ్ అని చెక్‌అవుట్ దగ్గరే చేతులెత్తేస్తుంది.

గిట్ స్టేటస్‌లో తెలుగు పేరు బదులు బ్యాక్‌స్లాష్ 340, బ్యాక్‌స్లాష్ 260 అంటూ అంకెల వరస కనిపించినా ఫైల్ చెడిపోయినట్టు కాదు. గిట్ పేరును అలా చూపిస్తోందంతే. కోర్ డాట్ కోట్‌పాత్ సెట్టింగ్‌ను ఫాల్స్ చేస్తే తెలుగు తెలుగులా కనిపిస్తుంది. నన్నడిగితే మాత్రం ఫైల్ పేరు పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, అసలు శీర్షికను ఫైల్ మొదట్లో ఉండే ఫ్రంట్ మ్యాటర్‌లో తెలుగులో రాసుకోవడమే మేలు. లింకు కాపీ చేసి ఎవరికైనా పంపినప్పుడు మూరెడు పొడవున శాతం గుర్తులు రాకుండా ఉంటాయి.

అపోహ: ఆకుపచ్చ టిక్కు పడితే సైట్ బాగున్నట్టే

ఇచ్చిన కమాండ్లు ఎర్రర్ లేకుండా ముగిశాయన్నదే ఆ టిక్కుకు అర్థం. పేజీ ఎలా కనిపిస్తోందో దానికి తెలియదు. మొదటిసారి పేజెస్‌లో సైట్ పెట్టేవాళ్లకు తరచూ ఎదురయ్యే దృశ్యం ఇది: టిక్కు పడుతుంది, సైట్ తెరిస్తే రంగులు, డిజైన్ అన్నీ ఎగిరిపోయి తెల్ల పేజీ మీద నీలం లింకులు వరసగా నిలబడి ఉంటాయి. ప్రాజెక్ట్ సైట్ అడ్రసులో గిట్‌హబ్ డాట్ ఐఓ తర్వాత స్లాష్ పెట్టి రిపో పేరు కూడా ఉంటుంది. పేజీలేమో సీఎస్ఎస్ కోసం రిపో పేరు వదిలేసి నేరుగా డొమైన్ మొదట్లో వెతుకుతుంటాయి. దొరకదు. హ్యూగోలో బేస్‌యూఆర్ఎల్, వీట్ అనే బిల్డ్ టూల్‌లో బేస్ అనే సెట్టింగ్ సరిచేస్తే కుదురుకుంటుంది.

ఇంకొకటి. బ్రాంచ్ నుంచి నేరుగా పబ్లిష్ చేస్తుంటే పేజెస్ ఆ ఫైళ్లను జెకిల్ గుండా నడిపిస్తుంది. అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఫోల్డర్లను జెకిల్ మామూలుగా పక్కన పెట్టేస్తుంది. వేరే టూల్‌తో తయారైన సైట్‌లో జావాస్క్రిప్ట్ అంతా అలాంటి ఫోల్డర్లో ఉంటే అదెక్కడికి పోయిందో అర్థం కాక తల పట్టుకోవాలి. డాట్ నోజెకిల్ అనే ఖాళీ ఫైల్ ఒకటి పెడితే ఆ గొడవ ఉండదు. అన్నీ సరిగ్గా ఉన్నా పాత పేజీయే కనిపిస్తోందంటే కాసేపు ఆగండి. పేజెస్ ఫైళ్లను 10 నిమిషాల దాకా దాచుకోవడానికి బ్రౌజర్‌కు అనుమతి ఉంటుంది.

అపోహ: కీని సీక్రెట్స్‌లో పెట్టేశాను, ఇక భయం లేదు

ఇది నిజంగా ప్రమాదకరమైన నమ్మకం. సీక్రెట్స్‌లో పెట్టిన విలువ రిపోలో కనిపించదు, లాగ్‌లో చుక్కల వెనక దాక్కుంటుంది. అంతవరకు నిజమే. కానీ స్టాటిక్ సైట్‌కు వెనకాల సర్వర్ ప్రోగ్రాం ఉండదు. బిల్డ్ సమయంలో ఆ కీని జావాస్క్రిప్ట్‌లోకి చేర్చారంటే, సైట్ తెరిచిన ప్రతివాళ్ల బ్రౌజర్‌కూ మీరే దాన్ని పంపినట్టు. వీట్‌లో వీట్ అండర్‌స్కోర్ అని మొదలయ్యే పేర్లు మాత్రమే బ్రౌజర్ కోడ్‌లోకి వెళ్లేలా పెట్టింది మిగతావి పొరపాటున బయటికి పోకుండా ఉండటానికే. రహస్యంగా ఉండి తీరాల్సిన కీ ఉంటే ఆ పని ఏదైనా సర్వర్‌లెస్ ఫంక్షన్‌కు అప్పగించాలి. పొరపాటున కమిట్ అయిపోయిన కీని తర్వాతి కమిట్‌లో తీసేసినా లాభం లేదు, హిస్టరీలో అలాగే కూర్చుంటుంది. ముందు ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాలి, మిగతా శుభ్రం ఆ తర్వాత.

వర్క్‌ఫ్లోలో వాడే ఇతరుల యాక్షన్ల సంగతీ చూసుకోవాలి. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వాళ్ల చేంజ్డ్-ఫైల్స్ యాక్షన్‌లోకి ఎవరో చొరబడి, పాత వెర్షన్ ట్యాగులన్నిటినీ దొంగ కోడ్ వైపు తిప్పారు. వాడినవాళ్ల సీక్రెట్లు బిల్డ్ లాగుల్లో బయటపడ్డాయి. ట్యాగ్ అంటే ఎటైనా తిప్పగలిగే గుర్తు. 40 అక్షరాల కమిట్ హ్యాష్ రాస్తే అలా తిప్పడం కుదరదు. పేజెస్‌కు పంపే జాబ్‌కు కూడా పేజెస్ రైట్, ఐడీ-టోకెన్ రైట్ అనుమతులు చాలు. తాళాలన్నీ దాని చేతికివ్వక్కర్లేదు.

అపోహ: రిపో ప్రైవేట్, కాబట్టి సైటూ ప్రైవేటే

కాదు. ఉచిత ప్లాన్‌లో ప్రైవేట్ రిపోకు అసలు పేజెస్ దొరకదు. డబ్బు కట్టే ప్లాన్లలో దొరుకుతుంది గానీ, ఎంటర్‌ప్రైజ్ క్లౌడ్‌లో తప్ప ఆ సైట్ లోకమంతటికీ కనిపిస్తుంది.

అపోహ: ఉచితం కదా, హద్దుల్లేవు

పేజెస్ సైట్ 1 జీబీ దాటకూడదు. నెలకు 100 జీబీ బ్యాండ్‌విడ్త్ అన్నది మెత్తటి హద్దు. గిట్‌హబ్‌కు 100 ఎంబీ మించిన ఫైల్ పుష్ చేయబోతే అక్కడే ఆపేస్తారు. కాబట్టి స్కాన్ చేసిన పాత సంచికల పీడీఎఫ్‌లు ఇక్కడ కుక్కాలనుకోకండి.

అపోహ: ఒకసారి సెట్ చేస్తే మళ్లీ దానివంక చూడక్కర్లేదు

వర్క్‌ఫ్లో ఫైల్‌ను ముట్టుకోకపోయినా దాని చుట్టూ ఉన్నవి మారుతుంటాయి. ఆర్టిఫాక్ట్ యాక్షన్ల 3వ వెర్షన్‌ను గిట్‌హబ్ 2025 జనవరి 30తో ఆపేసింది. వాటి మీద ఆధారపడిన పాత పేజెస్ యాక్షన్లు రాసుకున్నవాళ్లకు, ఒక్క అక్షరం మార్చకుండానే డిప్లాయ్ ఫెయిలవడం మొదలైంది. హ్యూగోకు, నోడ్‌కు లేటెస్ట్ అని రాసి వదిలేసినా ఏదో ఒకనాడు ఇదే పరిస్థితి. వెర్షన్ నంబరు రాసుకోండి, తీరిక ఉన్నప్పుడు మీరే పెంచుకోండి.

రోజూ పొద్దున 6 గంటలకు సైట్ దానంతటదే బిల్డ్ కావాలని క్రాన్ లైన్ రాసేటప్పుడు, యాక్షన్స్ మామూలుగా టైమును యూటీసీలోనే చదువుతుందని గుర్తుపెట్టుకోవాలి. మన 6 గంటలంటే దానికి అర్ధరాత్రి దాటాక 30 నిమిషాలు. సరిగ్గా ఆ నిమిషానికే మొదలవుతుందన్న హామీ కూడా లేదు. పబ్లిక్ రిపోలో 60 రోజులపాటు ఏ కదలికా లేకపోతే షెడ్యూల్‌ను గిట్‌హబ్ నిలిపేస్తుంది. పంచాంగం పేజీ రోజూ మారేలా పెట్టుకుని ఊరెళ్లినవాళ్లు దీన్ని గమనించేసరికి తిథులు చాలా వెనకబడి ఉంటాయి.

అపోహ: తప్పు వెర్షన్ వెళ్లిపోతే ఇక అంతే

పాతది తిరిగి తేవడం ఇందులో అన్నిటికన్నా తేలిక. యాక్షన్స్ పేజీలో గత 30 రోజుల్లో సరిగ్గా నడిచిన రన్ ఒకటి చూసి మళ్లీ నడిపిస్తే, అప్పటి కమిట్‌తోనే బిల్డ్ జరిగి పాత సైట్ వచ్చేస్తుంది. కాకపోతే మెయిన్ బ్రాంచ్‌లో ఆ తప్పు ఇంకా అలాగే ఉంటుంది. ఇంకెవరో ఇంకెక్కడో ఒక కామా సరిచేసి పుష్ చేశారంటే దాంతోపాటే తిరిగి పైకి వస్తుంది. కాబట్టి రన్‌ను మళ్లీ నడిపించిన వెంటనే గిట్ రివర్ట్ కూడా చేసి పుష్ చేయండి.