మిద్దె తోట, మే నెల ఎండ, ఇంటిల్లిపాది ఆరోగ్యం

పిల్లలకు సెలవులు వచ్చాయి. ఆవకాయ ముక్కలు, వడియాల చీరలు, సాయంత్రం ఆటలు అన్నీ మిద్దె మీదికి చేరే కాలం ఇది. ఈ మధ్య వాటికి మొక్కల పని కూడా తోడైంది. ఎస్.ఆర్. నగర్, బల్కంపేట, వెంగళరావు నగర్ వీధుల్లో తలెత్తి చూస్తే చాలా మిద్దెల మీద బచ్చలి తీగెలు, వంగ మొక్కలు, పుదీనా కుండీలు కనిపిస్తాయి.

మాజీ రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి గారి పేరు మీద వెలసిన మన కాలనీలో ఒకప్పుడు చాలా ఇళ్ళకు పెరడు ఉండేది. అపార్టుమెంట్లు, హాస్టళ్ళు వచ్చాక పెరడు పోయింది, మిద్దె మిగిలింది. రచయిత తుమ్మేటి రఘోత్తమ రెడ్డి గారు నారపల్లిలో తమ ఇంటి మీద కూరగాయలు పండించి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసి, 'మిద్దె తోట' అనే మాటను ఎందరి నోటనో పలికించారు. ఇతర దేశాల్లోనూ ఇలాంటి ఆలోచన పాతదే. జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో 1860లలో పిల్లల ఆటస్థలం అంచున వాళ్ళ కోసం చిన్న చిన్న మడులు వేశారు. పిల్లలకు ఓపిక తగ్గితే తల్లిదండ్రులు పారలు అందుకున్నారు. క్రమంగా అవి కుటుంబ తోటలయ్యాయి. ష్రెబర్ అనే వైద్యుడి పేరుతో ఆ తోటలను ఇప్పటికీ పిలుస్తారు.

మొక్కల పని మంచి వ్యాయామం. పిల్లలు టీవీ, ఫోను వదిలి బయటికి వస్తారు. అయితే ఎండాకాలంలో మిద్దె మీద పని చేసేవారు మూడు సంగతులు మరచిపోకూడదు: వేళ, నీరు, ప్రమాద సూచనలు. ఈ మూడూ తెలిసిన ఇంట్లో తోట ఆరోగ్యాన్నిస్తుంది. తెలియని ఇంట్లో అదే తోట ఆసుపత్రికి దారి తీయవచ్చు.

గడియారం చూసి మిద్దె ఎక్కండి

1966 జూన్ 2న హైదరాబాద్‌లో 45.5 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదైంది. 2015 మే, జూన్ నెలల్లో వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వారే. ఎండ దెబ్బను తేలికగా తీసుకోకూడదని చెప్పడానికి ఇది చాలు.

పైగా వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత నీడలో కొలిచినది. మిద్దె మీద గచ్చు అంతకంటే బాగా వేడెక్కుతుంది. సూర్యుడు దిగిన తర్వాత కూడా చాలాసేపు ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. అందుచేత తోట పని ఉదయం ఎనిమిది లోపు ముగించండి. మళ్ళీ సాయంత్రం ఐదున్నర దాటాక వెళ్ళండి. పన్నెండు నుండి నాలుగు వరకు మిద్దె మీద ఎవ్వరూ ఉండకూడదు. వడియాలకు ఎండ కావాలి గాని మనిషికి అక్కర లేదు. పొద్దున్నే పెట్టి రండి, సాయంత్రం తీసుకోండి. మధ్యలో తిరగెయ్యడానికి వెళ్ళవద్దు. వి.బి.ఎస్. తరగతులకు వచ్చే పిల్లల ఆటలకు కూడా ఇదే నియమం పాటించాలి.

శరీరం వేడికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజే గంటసేపు మట్టి మోయకండి. పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచండి. వదులైన నూలు బట్టలు, తల మీద తువాలు లేక టోపీ తప్పనిసరి. ఒంటరిగా కాకుండా ఇద్దరు కలిసి వెళ్ళడం మంచిది.

మిద్దెకు తెల్లని సున్నం లేక చలువ పెయింటు వేస్తే కింది గదుల్లో కూడా వేడి తగ్గుతుంది. 2017లో బంజారాహిల్స్ దగ్గరి దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ళ మీద ఇలా చేసి చూస్తే ఇంటిలోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చలువ పైకప్పుల విధానాన్ని ప్రకటించింది.

ఏమి పెంచాలి

ఎండాకాలంలో కొత్తిమీర, పాలకూర నిలవవు. తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ, వంగ, గోరుచిక్కుడు బాగా వస్తాయి. తోటకూర విత్తిన 25, 30 రోజులకే కోతకు వస్తుంది. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి, కొంచెం వేపపిండి వేయండి. మట్టి మీద ఎండుటాకులు పరిస్తే తేమ త్వరగా ఆరదు. మధ్యాహ్నపు ఎండకు ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టండి. బియ్యం కడిగిన నీళ్ళు, ఏ.సి. నుండి కారే నీళ్ళు మొక్కలకు పనికి వస్తాయి. తడి మట్టి చాలా బరువు. పెద్ద తొట్లను స్తంభాలు, దూలాల మీదుగా పెట్టండి. పాత ఇల్లయితే ముందుగా ఇంజనీరుకు చూపించండి.

మన రాష్ట్రంలో సగానికి మించి స్త్రీలకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి రోజుకు సుమారు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్ళు అవసరం. పది కుండీలతో అంతా తీరదు. మిగిలినవి ఎర్రగడ్డ రైతు బజారులో దొరుకుతాయి. కాని ఆకుకూర ఇంట్లో ఉంటే వారానికి ఒకసారి బదులు నాలుగుసార్లు వండుతాము. ఆకుకూరతో పాటు నిమ్మరసం తీసుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ లాభం తగ్గుతుంది.

పురుగులకు పొలంలో వాడే మందులు ఇంటికి తేవద్దు. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి సాయంత్రం చల్లండి. ఏ మందునైనా కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచకండి. దాహంతో వచ్చిన పిల్లవాడు దాన్ని నీళ్ళనుకొని తాగేస్తాడు.

మధుమేహం ఉన్నవారు చెప్పులు విప్పవద్దు

చాలా ఏళ్ళుగా మధుమేహం ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. కాలుతున్న గచ్చు మీద నిలబడినా వారికి తెలియదు. సాయంత్రానికి బొబ్బలు లేస్తాయి. అవి పుండ్లుగా మారి నెలల తరబడి మానకపోవచ్చు. మిద్దె మీద మెత్తని, మూసి ఉండే చెప్పులు వేసుకోండి. చెప్పులు బయట విడిచే చోట్ల నీడ దారినే నడవండి. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళను అద్దంలో చూసుకోండి, లేదా ఇంట్లోవారితో చూపించుకోండి.

ఇన్సులిన్ వాడేవారు దాన్ని కిటికీ దగ్గర, బండి డిక్కీలో పెట్టవద్దు. ఫ్రిజ్ లేనివారు మట్టికుండలో తడి ఇసుక మధ్య, నీరు లోపలికి పోకుండా డబ్బాలో పెట్టి ఉంచుకోవచ్చు. మట్టిపనిలో మేకు గుచ్చుకున్నా, చెయ్యి తెగినా సబ్బుతో కడిగి, ధనుర్వాతం టీకా వేయించుకొని ఐదేళ్ళు దాటిందేమో చూసుకోండి.

ఏమి తాగాలి, ఎవరు ఎంత తాగాలి

దాహం వేసే దాకా ఆగకండి. పనికి ముందు ఒక గ్లాసు, పని మధ్యలో పావుగంటకొకసారి కొంచెం తాగండి. ఉప్పు వేసిన పల్చని మజ్జిగ, గంజి, అంబలి, నిమ్మకాయ నీళ్ళు మన ఇళ్ళలో ఎప్పటినుండో ఉన్నవే. కూల్‌డ్రింకుల్లో చక్కెర ఎక్కువ.

విరేచనాలు, వాంతులు అయినప్పుడు, బాగా చెమట పోసి నీరసించినప్పుడు ఓ.ఆర్.ఎస్. ఇవ్వాలి. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలితే డాక్టర్ దిలీప్ మహలనబిస్ సెలైన్ చాలక ఈ ద్రావణాన్ని నోటి ద్వారా తాగించి ఎందరినో బతికించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం ఒక లీటరులో ఉండవలసిన గ్లూకోజ్ 13.5 గ్రాములే. కొన్ని కంపెనీలు అంతకంటే ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలను అదే పేరుతో అమ్మాయి. విరేచనాలతో ఉన్న బిడ్డకు అవి పడితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. మన హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అయినా కొనేటప్పుడు ప్యాకెట్ మీద 'ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం' అని ఉందో లేదో చూడండి. మొత్తం పొడిని ఒకేసారి ఒక లీటరు నీటిలో కలపాలి. సగం పొడి గ్లాసు నీటిలో కలపడం ప్రమాదం. 24 గంటలు దాటితే పారబోయండి.

ప్యాకెట్ దొరకకపోతే: కాచి చల్లార్చిన లీటరు నీరు, సమంగా తీసిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. కొలత తప్పవద్దు.

'నీళ్ళు బాగా తాగండి' అనే సలహా అందరికీ వర్తించదు. గుండె బలహీనంగా ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు. మూత్రపిండాల రోగులకు కొబ్బరి నీళ్ళలోని పొటాషియం హాని చేయవచ్చు. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవారికి, కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవారికి వడదెబ్బ త్వరగా తగలవచ్చు. మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. ఎండలు ముదరకముందే ఒకసారి డాక్టరుకు చూపించుకోండి.

కుండీ కింద పళ్ళెం

మనకు కూతవేటు దూరంలోని బేగంపేటలో రొనాల్డ్ రాస్ పేరు మీద ఒక సంస్థ ఉంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించిన వైద్యుడు ఆయన. ఇప్పుడు మన కాలనీలను ఎక్కువగా బాధపెడుతున్నది మరో దోమ. డెంగీని మోసే ఈ దోమ పగలు కుడుతుంది, శుభ్రమైన నిలవ నీటిలో గుడ్లు పెడుతుంది. కుండీ కింది పళ్ళెం, కూలరు, ట్యాంకరు నీళ్ళు పట్టి ఉంచిన డ్రమ్ము దానికి ఇష్టమైన చోట్లు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు.

అందుకే వారానికి ఒక రోజు నీళ్ళన్నీ పారబోసి పాత్రలు ఆరబెట్టాలి. ఒట్టిగా పారబోస్తే సరిపోదు. గుడ్లు పాత్ర గోడకు అంటుకొని, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. పీచుతో రుద్ది కడగాలి. డ్రమ్ములకు గుడ్డ కట్టి బిగించాలి. 2020లో మన ప్రభుత్వం 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అని ప్రచారం చేసింది ఇందుకే. ఈ పని పిల్లలకు అప్పగించండి, ఎంతో ఇష్టంగా చేస్తారు. జ్వరం వస్తే డెంగీ కాదని తేలేవరకు పారాసెటమాల్ తప్ప ఇతర నొప్పి మాత్రలు వేసుకోకండి.

పిల్లల విషయంలో ఇంకో మాట. పిట్టగోడ పక్కన ఎక్కడానికి వీలుగా కుండీలు, స్టూళ్ళు ఉంచవద్దు. సంపు మూత ఎప్పుడూ మూసి ఉండాలి. ట్యాంకరు వాడు నీళ్ళు పోసి వెళ్ళగానే మూత సంగతి చూడండి.

వడదెబ్బను గుర్తు పట్టడం

తలనొప్పి, కళ్ళు తిరగడం, పిక్కలు పట్టడం, వికారం, విపరీతమైన చెమట: ఇవి మొదటి హెచ్చరికలు. వెంటనే నీడకు చేర్చి, పడుకోబెట్టి, నీళ్ళు లేక ఓ.ఆర్.ఎస్. తాగించండి.

మనిషి తికమకగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, మూర్ఛ వచ్చినా, స్పృహ తప్పినా, ఒళ్ళు 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి కాలిపోతున్నా అది వడదెబ్బ. చెమట పోస్తోంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పని చేస్తూ పడిపోయినవారికి చెమట ఉండవచ్చు. అప్పుడు:

1. 108కి ఫోను చేయండి.
2. బండి వచ్చే వరకు ఊరికే ఉండకండి. బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీటితో తడిపి, గట్టిగా విసరండి లేక ఫ్యాన్ కింద పెట్టండి.
3. చంకలు, మెడ, గజ్జల్లో ఐసు లేక చల్లని తడిగుడ్డలు పెట్టండి.
4. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి.
5. పారాసెటమాల్ ఇక్కడ పనిచేయదు. ఇవ్వవద్దు.

చాలామంది పడిపోయినవారిని ఆటోలో వేసుకొని పరుగున తెస్తారు. దారిలో పోయిన అరగంట వారి మెదడుకు, మూత్రపిండాలకు చాలా విలువైనది. ముందు చల్లబరచడం, తర్వాత తరలించడం. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ, పిల్లలకు కూడా నేర్పండి.

ఈ భాగాన్ని కత్తిరించి వంటింట్లో అంటించుకోండి

• తోట పని ఉదయం 8 లోపు, సాయంత్రం 5.30 తర్వాత.
• చెప్పులు, టోపీ, నీళ్ళ సీసా లేకుండా మిద్దె ఎక్కవద్దు.
• వారానికి ఒకసారి పళ్ళేలు, డ్రమ్ములు రుద్ది కడగాలి.
• ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు రెండు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి.
• ఇరుగుపొరుగులో ఒంటరిగా ఉండే పెద్దవారిని, పై అంతస్తు రేకుల గదుల్లో ఉండే హాస్టల్ పిల్లలను రోజుకొకసారి పలకరించండి.
• తికమక, మూర్ఛ, స్పృహ లేకపోవడం కనిపిస్తే: చల్లబరచండి, 108కి ఫోను చేయండి.

మీ మిద్దె మీద పండిన మొదటి తోటకూర కట్టను పక్కింటివారితో పంచుకోండి. ఆ కట్టతో పాటు ఈ జాగ్రత్తలు కూడా చెప్పి ఇవ్వండి.