ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చిన పాత బ్యాటరీ ఎక్కడికి పోతోంది? ఆ సీసం లెక్క ఎవరిది.. రూల్స్ ఏం చెబుతున్నాయంటే!

ప్రొద్దుటూరులో ఆటో బ్యాటరీ డౌన్ అయితే ఏం చేస్తారు? షాపుకు తీసుకెళ్తారు. పాతదాని రేటు తగ్గించి కొత్తది బిగిస్తారు. పది నిమిషాల పని. జమ్మలమడుగులో ట్రాక్టర్‌కైనా, పులివెందులలో ఇంటి ఇన్వర్టర్‌కైనా ఇదే పద్ధతి. మరి ఆ పాత బ్యాటరీ సంగతేంటి? చాలామంది అడగని ప్రశ్న ఇదే.

మామూలు బ్యాటరీ బరువులో దాదాపు 60 శాతం సీసమే. అంటే 12 కిలోల కారు బ్యాటరీలో 7 కిలోల పైమాటే. మిగతాది ఎక్కువగా సల్ఫ్యూరిక్ యాసిడ్, ప్లాస్టిక్ డబ్బా. రాగి కరగాలంటే వెయ్యి డిగ్రీలు దాటాలి. సీసానికి 327 డిగ్రీలు చాలు. బొగ్గుల పొయ్యి మీద కూడా కరుగుతుంది. చిక్కంతా ఇక్కడే. లైసెన్స్ లేనివాళ్లు గొడ్డలితో డబ్బా పగలగొట్టి, యాసిడ్ నేల మీద పారబోసి, ప్లేట్లు పొయ్యిలో వేసేస్తారు. ఆ పొగ, బూడిద చుట్టుపక్కల మట్టిలో కలుస్తాయి. సీసం చెత్తలాగా కుళ్లిపోయేది కాదు.. ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది.

ఎక్కువ దెబ్బ పిల్లలకే. రక్తంలో సీసం 'ఇంతవరకు ఉంటే పర్లేదు' అనే లెక్కే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి ఇచ్చిన రిపోర్టు ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో డెసిలీటర్‌కు 5 మైక్రోగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ సీసం ఉంది. మొత్తం 80 కోట్ల మంది. ఒక్క భారత్‌లోనే 27 కోట్లకు పైగా. బ్యాటరీలను ఇష్టారాజ్యంగా కరిగించడం దీనికి పెద్ద కారణాల్లో ఒకటని ఆ రిపోర్టే చెప్పింది. పైకి ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. చదువులో వెనకబడతారు, జ్ఞాపకశక్తి తగ్గుతుంది, రక్తహీనత వస్తుంది. నాన్న షెడ్డులో పనిచేస్తే చాలు, ఆయన చొక్కాకు అంటుకున్న దుమ్ము ఇంట్లోకి వచ్చేస్తుంది.

మరి బాధ్యత ఎవరిది? 2022 ఆగస్టులో కేంద్రం బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. 2001 నాటి పాత రూల్స్ స్థానంలో వచ్చినవి ఇవి. వీటి ప్రకారం బ్యాటరీ తయారుచేసి అమ్మిన కంపెనీ, అమ్మేసి చేతులు దులుపుకుంటే కుదరదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి. ఏటా ఇంత అని పాత బ్యాటరీలు రిజిస్టర్డ్ రీసైక్లర్ దగ్గరికి చేరినట్టు సర్టిఫికెట్లతో లెక్క చూపించాలి. లేదంటే పర్యావరణ పరిహారం కట్టాలి. టైర్లకు 2022లోనే ఇలాంటి రూల్ వచ్చింది. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌కు 2024 ఏప్రిల్ నుంచి, తుక్కు వాహనాలకు 2025 ఏప్రిల్ నుంచి అమలవుతోంది.

కాగితం మీద బాగానే ఉంది. తేడా వచ్చేది రేటు దగ్గర. పొగ ఫిల్టర్లు, యాసిడ్ శుద్ధి, పన్నులు.. ఇవన్నీ భరించే రీసైక్లర్ కంటే ఏ ఖర్చూ లేని దొంగ బట్టీవాడు కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువే ఇవ్వగలడు. గుజరీ అంగడివాళ్లు ఎటు మొగ్గుతారో వేరే చెప్పాలా?

అలాగని పెద్ద ఫ్యాక్టరీలకు ప్రశ్నలు తప్పవు. తిరుపతి దగ్గర కరకంబాడి, చిత్తూరు జిల్లా నూనెగుండ్లపల్లిలోని అమరరాజా బ్యాటరీస్ ప్లాంట్లకు 2021 ఏప్రిల్ 30న రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి మూసివేత ఉత్తర్వులిచ్చింది. సీసం కాలుష్యం, కార్మికుల రక్తంలో సీసం.. ఇవీ ఆరోపణలు. కంపెనీ వాటిని ఖండించింది. మే మొదట్లో హైకోర్టు ఆ ఉత్తర్వులను తాత్కాలికంగా నిలిపివేసింది. తర్వాత వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. యాజమాన్య కుటుంబం రాజకీయాల్లో ఉండటంతో చర్చంతా అటే మళ్లింది. కార్మికుల రక్త పరీక్షల మాట వెనక్కిపోయింది. ఆ తర్వాత ఇదే గ్రూప్ తమిళనాడులోని చెయ్యార్‌లో సీసం రీసైక్లింగ్ ప్లాంట్ పెట్టింది.

ఇదంతా కడప జిల్లాకు ఎందుకంటే.. 2024 ఆగస్టు 28న కేంద్ర కేబినెట్ ఓకే చేసిన 12 పారిశ్రామిక నగరాల్లో కొప్పర్తి ఒకటి. 2,596 ఎకరాలు, 2,137 కోట్ల రూపాయల అంచనా. అక్కడ రావాల్సిన పరిశ్రమల జాబితాలో ఆటోమొబైల్ రంగం కూడా ఉంది. ఉద్యోగాలు కావాల్సిందే, అందులో డౌట్ లేదు. కానీ భూగర్భ జలం ఒకసారి పాడైతే ఎంత గొడవో పులివెందుల వైపు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తుమ్మలపల్లె యురేనియం ప్లాంట్ టెయిలింగ్ పాండ్ వల్ల బోర్ల నీళ్లు చెడిపోయాయని కె.కె.కొట్టాల, కనంపల్లె రైతులు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. యాజమాన్యం కాదంటూనే ఉంది.

సీసం బ్యాటరీ తయారీ కాలుష్య మండలి లెక్కలో 'రెడ్' కేటగిరీ. ఫ్యాక్టరీ కట్టే ముందు ఒక అనుమతి, నడిపే ముందు మరో అనుమతి తీసుకోవాలి.

ఇక ఇంట్లో పాత బ్యాటరీ ఉన్నవాళ్లకు.. దాని మీద కొట్టేసిన చెత్తడబ్బా గుర్తు, పక్కన సీసానికి సూచనగా 'పీబీ' అనే అక్షరాలు ఉంటాయి. చెత్తలో వేయకూడదని దానర్థం. డబ్బా పగలకుండా, యాసిడ్ వంపకుండా నిలువుగానే పెట్టి షాపుకు ఇవ్వాలి, బిల్లులో పాత బ్యాటరీ తీసుకున్నట్టు రాయించుకోవాలి. రిజిస్టర్డ్ రీసైక్లర్ల పేర్లు కేంద్ర మండలి పోర్టల్‌లో ఎవరైనా చూడొచ్చు. ఊరి బయట ఎక్కడైనా బ్యాటరీలు కరిగిస్తుంటే కడపలోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఫిర్యాదు చేయొచ్చు.