ముగ్గు వాకిట్లో, తలుపు మన చేతిలో

మంగళగిరిలో ఒక పొదుపు సంఘం సమావేశం అనుకోండి. ఆదివారం సాయంత్రం. మగ్గాల చప్పుడు ఆగింది. అరుగు మీద పదిమంది ఆడవాళ్ళు కూర్చున్నారు. ఇంజనీరింగు చదివే ఒక అమ్మాయి వచ్చింది. ఎవరికీ చుట్టం కాదు. ఆ వీధికి కొత్త. సంచిలో పాత ల్యాప్‌టాప్ ఉంది.

"సంఘం లెక్కలు ఇందులో రాసుకోవచ్చు పిన్నీ. లిబ్రెఆఫీస్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి డబ్బు కట్టక్కర్లేదు. మీరు నేర్చుకుని పక్క సంఘానికి కూడా ఇవ్వొచ్చు. ఎవరూ వద్దనరు" అంది.

ఆ పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి. గంటసేపు చెప్పింది. ఏదీ దాచకూడదు, తెలిసింది నలుగురికీ పంచాలి అంది. అందరికీ నచ్చింది. లేవబోతుంటే సంఘం లీడరు అడిగింది.

"నీ ఫోను నంబరు చెప్పమ్మా. మా గ్రూపులో కలుపుతాం."

పిల్ల తటపటాయించింది. "నంబరు వద్దు పిన్నీ. ఏమీ అనుకోకండి" అంది.

అరుగు మీద అందరూ చల్లబడ్డారు. ఇంతసేపూ దాచకూడదు అన్న పిల్ల, నంబరు దాస్తుందేం? ఒక పెద్దావిడ పైకే అనేసింది. "మేమేమన్నా దొంగలమా?"

పెద్దావిడ కోపం న్యాయమే. అమ్మాయి భయమూ న్యాయమే. అదెలాగో చూద్దాం.

సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటి? కంప్యూటరుకూ, ఫోనుకూ ఏ పని ఎలా చెయ్యాలో చెప్పే రాత. ఆ రాత కొన్నిటిలో మూసి ఉంటుంది. తయారుచేసిన కంపెనీకి తప్ప ఎవరికీ కనపడదు. కొన్నిటిలో తెరిచి ఉంటుంది. చదవడం వచ్చినవాళ్ళు ఎవరైనా చదవొచ్చు. మార్చుకోవచ్చు. ఇంకొకరికి ఇవ్వొచ్చు. మార్చింది కూడా ఇవ్వొచ్చు. దీన్నే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటారు.

మనకు ముగ్గు తెలుసు. సంక్రాంతి నెలలో ఎదురింటి వాకిట్లో కొత్త ముగ్గు కనపడుతుంది. నిలబడి చుక్కలు లెక్కపెడతాం. మర్నాడు మన వాకిట్లో అదే వేస్తాం. ఒక చుక్క పెంచుతాం, ఒక తామరపువ్వు కలుపుతాం. ఎదురింటావిడ పోట్లాటకు రాదు. పైగా వచ్చి చూసి సంతోషిస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అచ్చం ఇలాంటిదే.

ఇంగ్లీషులో "ఫ్రీ" అనే మాట ఒకటే. దానికి ఉచితం అనీ అర్థమే, స్వేచ్ఛ అనీ అర్థమే. అందుకని వాళ్ళు తికమక పడతారు. మన తెలుగులో రెండు మాటలున్నాయి. ఇక్కడ ముఖ్యం స్వేచ్ఛ. ఉచితంగా వచ్చిందల్లా స్వేచ్ఛ ఇవ్వదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఈ ఉద్యమం మొదలుపెట్టినాయన పేరు రిచర్డ్ స్టాల్‌మన్. అమెరికా దేశం. 1980 ప్రాంతంలో ఆయన పనిచేసే చోటికి కొత్త అచ్చు మిషను వచ్చింది. అందులో కాగితం ఇరుక్కుపోయేది. పాత మిషనుకైతే ఆయన ఒక ఉపాయం చేశాడు. కాగితం ఇరుక్కోగానే అందరికీ కబురు వచ్చేలా దాని రాత మార్చాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే రాత ఇవ్వలేదు. రాత ఉన్న ఇంకో ఆయన్ని అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చానన్నాడు. స్టాల్‌మన్‌కు మండింది. 1983లో అందరూ పంచుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తానని ప్రకటించాడు. 1991లో ఫిన్లాండు దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ మొదలుపెట్టాడు. మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉండేది ఆ లినక్సే. దాని మీద మనం వేసుకునే యాప్‌లు మాత్రం చాలావరకు మూసినవే.

ఇంకో సంగతి చెప్పాలి. ప్రపంచానికంతా సాఫ్ట్‌వేర్ పంచిపెట్టమన్న ఈ స్టాల్‌మన్ సెల్‌ఫోను ఉంచుకోడు. ఫోను జేబులో ఉంటే మనిషి ఎక్కడ తిరిగిందీ టవర్లకు తెలిసిపోతుందని ఆయన అభ్యంతరం. కొట్లో నోట్లిచ్చి కొంటాడు. అంత దూరం మనం పోలేం. నూలు వచ్చిందన్న కబురు రావాలన్నా, బ్యాంకు మెసేజి రావాలన్నా మనకు ఫోను కావాలి. కానీ ఆయన పద్ధతిలో ఒకటి గమనించండి. ఆయన తెరవమన్నది పనిముట్టును. మనిషిని కాదు.

ముగ్గు వాకిట్లో ఉంటుంది. ఊరంతా చూస్తుంది. పెట్టె తాళంచెవి వాకిట్లో పెడతామా?

ఆ అమ్మాయి చేసిందీ అదే. నంబరు ఒకసారి గ్రూపులో పడితే ఎవరెవరి ఫోన్లలోకి పోతుందో ఇచ్చిన మనిషికి తెలియదు. పదిమందికి చెప్పిన నంబరు పదిమంది ఇళ్ళలోని మగపిల్లలకూ చేరుతుంది. రాత్రి పదకొండింటికి ఫోను మోగుతుంది. "ఎవరు మీరు?" అంటే నవ్వు వినిపిస్తుంది. ఇలాంటిది పడని ఆడపిల్ల అరుదు. ఆమె అనుమానం ఆ పెద్దావిడ మీద కాదు. నంబరు చేసే ప్రయాణం మీద.

ఇదంతా మన ఇళ్ళలో జరగని విషయం కాదు. 2020లో కరోనా వచ్చి పనులు ఆగిపోయాయి. ఫోనులో అప్పిచ్చే యాప్‌లు పుట్టుకొచ్చాయి. హామీ అక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. యాప్ వేసుకోవడం ఉచితం. వేసుకునేటప్పుడు అది ఏదో అడుగుతుంది, మనం "సరే" నొక్కుతాం. అంతే. మన ఫోనులోని నంబర్లన్నీ, ఫొటోలన్నీ వాళ్ళకు చేరాయి. వాయిదా తప్పితే చుట్టాలకూ, పనిచేసే చోటుకూ ఫోన్లు చేసి మర్యాద తీశారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ డిసెంబరులో హైదరాబాదు పోలీసులు చాలామందిని అరెస్టు చేశారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కట్టడి చేసింది. అప్పిచ్చే యాప్ మన ఫోనులోని నంబర్లనూ, ఫొటోలనూ తాకకూడదని చెప్పింది.

ఉచితంగా వచ్చిందల్లా స్వేచ్ఛ కాదని ఇందాక అనుకున్నాం. ఆ యాప్ ఉచితమే. లోపల రాత మూసి ఉంది. అది మన ఫోనులో ఏం తవ్వుతోందో ఎవరూ చూడలేకపోయారు. రాత తెరిచి ఉంటే తెలిసినవాళ్ళు ఎవరో ఒకరు చదివి ముందే కేక వేసేవాళ్ళు. అందుకే సాఫ్ట్‌వేర్ తెరవమనేవాళ్ళు మనిషి గుట్టు కాపాడమని కూడా అంటారు. రెండూ ఎదురెదురు మాటల్లా ఉంటాయి గానీ, ఒకే మాట.

మన గుట్టు మన హక్కు అని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పుట్టస్వామి అనే రిటైరైన జడ్జి 2012లో కేసు వేశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఒకే మాటగా అది ప్రాథమిక హక్కు అన్నారు. 2023లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. మన వివరాలు అడిగేవాళ్ళు ఎందుకు అడుగుతున్నారో చెప్పాలి. ఆ సంగతి మన తెలుగులోనే చదువుకునే వీలు కల్పించాలి. ఈ చట్టం దశలవారీగా అమలుకు వస్తోంది.

అయితే పెద్దావిడ మాట కొట్టిపారేయకూడదు. అందర్నీ అనుమానిస్తే సంఘమే ఉండదు. పొదుపు సంఘం నడిచేది కాగితం మీద కాదు, నమ్మకం మీద. కొత్తమనిషి పేరు చెప్పదు, నంబరు చెప్పదు, ఊరు చెప్పదు, ల్యాప్‌టాప్ మాత్రం పట్టుకొస్తుంది. ఆమెను మనం ఎలా నమ్మాలి? ఆ అమ్మాయి పొరపాటు నంబరు ఇవ్వకపోవడం కాదు. ఎందుకు ఇవ్వడం లేదో చెప్పకపోవడం. ఇంకో దారి చూపకపోవడం.

తర్వాత చూపించింది. పేరు చెప్పింది. కాలేజీ పేరు చెప్పింది. "ప్రతి ఆదివారం నాలుగింటికి ఇక్కడికే వస్తాను. మీ కళ్ళెదుటే నేర్పుతాను" అంది. సిగ్నల్ అనే యాప్ గురించి చెప్పింది. అది తెరిచిన రాతతో నడిచేది. చేరేటప్పుడు నంబరు కావాలి. కానీ 2024 నుంచి అందులో ఎదుటివాళ్ళకు నంబరు కనపడకుండా ఒక మారుపేరు ఇచ్చుకోవచ్చు. లీడరు నవ్వింది. "మన పానకాల స్వామి సగం పుచ్చుకుని సగం మనకే వదుల్తాడు. నువ్వూ అలాగే ఉన్నావమ్మాయ్" అంది. పెద్దావిడ కూడా నవ్వింది.

కాసేపటికి అడగడం అమ్మాయి వంతయింది. "పిన్నీ, ఒక కథ చెప్తారా? ఫోనులో మీ గొంతు ఎక్కించుకుంటాను" అంది.

ఇదీ నిజంగా జరుగుతున్న పనే. కంప్యూటరుకు మన తెలుగు రావాలంటే తెలుగు మాటలు, కథలు బోలెడు కావాలి. స్వేచ్ఛ అనే సంస్థ తెలుగువాళ్ళ మధ్య ఈ ఉద్యమం నడుపుతోంది. 2023లో వాళ్ళు విద్యార్థులతో పాత తెలుగు కథల పేజీలు కంప్యూటరులోకి ఎక్కించి, తెలుగులో కథ చెప్పే సాధనం తయారుచేశారు. కామన్ వాయిస్ అని 2017లో మొదలైన ఇంకో పని ఉంది. అక్కడ ఎవరైనా తమ గొంతు ఇవ్వొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. కానీ ఒక షరతు. ఆ గొంతు ఎవరిదో కనిపెట్టే ప్రయత్నం చెయ్యమని వాడుకునేవాళ్ళు ఒప్పుకోవాలి.

ఈసారి తటపటాయించింది లీడరు. "నా పేరు పెడతావా?"

"పెట్టను."

"ఎక్కడికి పోతుంది?"

అమ్మాయి చెప్పింది. లీడరు ఆలోచించింది. ఒక కథ చెప్పింది, పేదరాశి పెద్దమ్మ కథ. ఇంటి సంగతులు, అప్పుల సంగతులు చెప్పలేదు. పెద్దావిడ మాత్రం గొంతు ఇవ్వనంది. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

ఇంకొకామె అడ్డు తగిలింది. "అన్నీ పంచాలంటే మా చీర అంచు ఎవరైనా నకలు కొట్టుకోవచ్చా?" మంచి ప్రశ్న. సాఫ్ట్‌వేర్ ఎన్ని నకళ్ళు తీసినా అసలుది తరగదు. మరమగ్గం మీద నకలు చీర దిగితే మాత్రం చేనేత ఇంట్లో కూడు తరుగుతుంది. అందుకే మంగళగిరి నేతకు 2013లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. ఏది పంచాలో ఏది పంచకూడదో తయారుచేసినవాళ్ళే తేల్చుకోవాలి. ఈ ప్రశ్నకు అమ్మాయి దగ్గర పూర్తి జవాబు లేదు. లేదనే చెప్పింది.

చీకటి పడింది. అమ్మాయి వెళ్ళేముందు అందరి ఫోన్లూ తీయించింది. సెట్టింగ్స్ తెరవమంది. అందులో యాప్‌లు, అందులో అనుమతులు. ఏ యాప్ మన నంబర్లు చూస్తోందో, ఏది ఫొటోలు చూస్తోందో అక్కడ రాసి ఉంటుంది. వద్దనుకుంటే అక్కడే ఆపెయ్యొచ్చు. మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చెయ్యాలని కూడా చెప్పింది.

పెద్దావిడ అద్దాలు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఆమె ఫోనులో ఒక టార్చిలైటు యాప్ ఉంది. మనవడు వేసిచ్చాడు. దాని పక్కన "కాంటాక్ట్స్" అని ఉంది.

"దీపం వెయ్యడానికి నా చుట్టాల నంబర్లెందుకే దీనికి?" అని, వేలితో నొక్కి ఆపేసింది.