సాధనకు సరిజోడు ఎవరు? కత్తియుద్ధం ఆటల్లో బాస్‌ను ఎంచుకునే తీరు

కర్రసాము నేర్పే గురువు కొత్త శిష్యుణ్ణి మొదటి రోజే ఊళ్లోకెల్లా గట్టివాడి ముందు నిలబెట్టడు. అలాగని చేతకానివాడితోనే ఏడాది పొడవునా ఆడించడు. శిష్యుడికి ఏ దెబ్బ కాచుకోవడం రావడం లేదో కనిపెట్టి, ఆ దెబ్బ బాగా కొట్టేవాడినే జోడీగా ఇస్తాడు. వీడియో ఆటల్లో కత్తి పట్టే నేటి యువకులకు అలా జోడీ కుదిర్చే గురువు లేడు. ఎవరి జోడీని వారే వెతుక్కోవాలి. ఆ ఎంపిక తప్పినందువల్ల వేల రూపాయలు పెట్టి కొన్న ఆటను సగంలో మూలన పడేసేవారు ఉన్నారు. తమకు చేతి చురుకు లేదని వారు అనుకుంటారు. నిజానికి వారికి లేనిది తగిన జోడీ.

ఈ ఆటల్లో దారి పొడవునా చిన్నాచితకా సైనికులు ఎదురవుతారు. వారిని దాటాక కోట ద్వారం దగ్గరో, కొండ కొమ్మునో ఒక పెద్ద ప్రత్యర్థి కాచుకుని ఉంటాడు. ఆటగాళ్లు అతడిని 'బాస్' అంటారు. అతడిని ఓడిస్తేనే తరువాతి దారి తెరుచుకుంటుంది. ఒక్కొక్క బాస్ దగ్గర ఇరవై, ముప్ఫై సార్లు ఓడడం మామూలే. ఓడినందుకు చింత లేదు. ఓడిన ప్రతిసారీ ఏదైనా చేతికి వచ్చిందా లేదా అన్నదే లెక్క.

అక్షరం ఒకటి, జవాబులు మూడు

జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ 2019 మార్చిలో విడుదల చేసిన 'సెకిరో: షాడోస్ డై ట్వైస్' ఈ విషయంలో మంచి బడి. హిదెతాకా మియాజాకి దర్శకత్వంలో తయారైన ఈ ఆటకు ఆ ఏడాది 'ది గేమ్ అవార్డ్స్'లో సంవత్సరపు ఉత్తమ ఆట బహుమతి లభించింది. జపాన్ సామంతులు ఒకరితో ఒకరు యుద్ధాలు చేసిన సెంగోకు యుగం చివరి రోజుల్లో, అషీనా అనే కల్పిత రాజ్యంలో కథ నడుస్తుంది. ఒక చేయి తెగిపోయి కృత్రిమ హస్తం అమర్చుకున్న యోధుడే కథానాయకుడు.

ఇందులో శత్రువు ప్రాణం తగ్గించడం ఒక్కటే చాలదు. అతడి నిలకడను చెడగొట్టాలి. శత్రువు కత్తి మీద పడే క్షణానికి సరిగ్గా అడ్డు పెడితే నిప్పురవ్వలు లేస్తాయి, అతడి నిలకడను చూపే గీత నిండుతూ పోతుంది. అది పూర్తిగా నిండితే ఒక్క పెద్ద వేటు వేసే వీలు దొరుకుతుంది. దూరంగా పరుగెత్తి ఊపిరి పీల్చుకుంటే ఈలోగా శత్రువు కూడా నిలదొక్కుకుంటాడు. తప్పించుకు తిరిగే అలవాటు ఉన్నవారికి ఈ ఆట మొదట్లో కొరుకుడు పడకపోవడానికి కారణం ఇదే.

మామూలు అడ్డుకు ఆగని దెబ్బలు మూడు రకాలు. అవి వచ్చే ముందు తెర మీద ఎర్రని జపాను అక్షరం మెరుస్తుంది. పొడుపు వస్తే, ఆ విద్య నేర్చుకున్నవాడు ముందుకు అడుగు వేసి శత్రువు ఆయుధాన్ని కాలితో తొక్కిపట్టాలి. కాళ్ల కింద కోత వస్తే పైకి ఎగరాలి. పట్టుకోవడానికి వస్తే పక్కకు తప్పుకోవాలి. హెచ్చరించే అక్షరం ఒక్కటే, జవాబులు మాత్రం మూడు. అక్షరాన్ని చూసి కంగారు పడేవాడు ఓడతాడు. శత్రువు భుజాన్ని, ఆయుధం మొనను చూసేవాడు నిలుస్తాడు.

ఇలాంటి దెబ్బల సాధనకు పాడుబడిన గుడి ఆవరణలోనే ఒక జోడీ సిద్ధంగా ఉన్నాడు. అతడి పేరు హన్‌బే. చావు లేని శాపం ఉన్నవాడు. ఎన్నిసార్లు నరికినా మళ్లీ లేచి నిలబడతాడు. ఏ పాఠం కావాలో అడిగితే ఆ పాఠమే చెబుతాడు. కథ మీది తొందరతో ఇతడిని దాటిపోయినవారు కొన్నాళ్లకు వెతుక్కుంటూ వెనక్కు రావలసిందే.

గెనిచిరో దగ్గర పరీక్ష

హన్‌బే దగ్గర అక్షరాలు దిద్దినవాడికి అసలు పరీక్ష కోట పైఅంతస్తులో ఉంది. అక్కడ ఎదురయ్యే గెనిచిరో అషీనా సాధనకు సరైన బాస్. అతడు రాక్షసుడు కాదు, మనిషి. విల్లు, కత్తి పట్టిన యోధుడు. దెబ్బలు వరుసగా కొడతాడు గనుక అడ్డు పెట్టే చెయ్యి దానంతట అదే కుదురుతుంది. ఎగిరి ఒక వేటు వేసి, వెంటనే ఒకసారి పొడుస్తాడు, ఒకసారి కాళ్ల కింద కోస్తాడు. ఏది వస్తుందో ఆ క్షణంలోనే చూసి తేల్చుకోవాలి. హన్‌బే దగ్గర విడివిడిగా నేర్చిన పాఠాలు ఇక్కడ కలగలిసి వస్తాయన్న మాట.

రెండుసార్లు కూలాక గెనిచిరో మళ్లీ లేచి పిడుగును కత్తికి ఎక్కిస్తాడు. ఆ పిడుగును గాలిలో ఉండగా అందుకుని, పాదం నేలకు తగలకముందే తిప్పికొట్టాలి. ఈ విద్య అక్కడితో అయిపోదు. ఆట చివర ఎదురయ్యే ఖడ్గవీరుడు ఇష్షిన్ కూడా ఆఖరి ఘట్టంలో పిడుగు ప్రయోగిస్తాడు. అతడి ఈటె పొడుపులకూ పాత జవాబే. గెనిచిరోను ఏదో అదృష్టం కొద్దీ దాటిన ఆటగాడు తీరా ఆట ముగింపులో ఇష్షిన్ ముందు నిలబడి ఓనమాలు దిద్దుకోవాలి. మధ్యలో ఎగ్గొట్టిన పాఠం చివర్లో వడ్డీతో సహా వసూలవుతుంది.

మొదట్లో ఒక ఇబ్బంది ఉండేది. ఒకసారి ఓడిన బాస్ ఆ కథలో మళ్లీ కనబడడు. సాధన చేయాలంటే కథను మొదటి నుంచి ఆడాలి. 2020 అక్టోబర్‌లో ఇచ్చిన ఉచిత సవరణతో ఆ లోటు తీరింది. విశ్రాంతి తీసుకునే విగ్రహాల దగ్గర కూర్చుని, అంతకుముందు ఓడించిన బాస్‌ను పిలిచి మళ్లీ తలపడవచ్చు.

నేల విడిచి సాము

అందరికంటే కష్టమైనవాడితో పోరాడితే అన్నీ వస్తాయనుకోవడం నేల విడిచి సాము చేయడమే. సెకిరోలోనే 'డీమన్ ఆఫ్ హేట్రెడ్' అనే నిప్పుల భూతం ఉంది. కష్టంలో ఎవరికీ తీసిపోదు. కాని దానితో పోరులో పరుగు, ఎగురుడు ఎక్కువ. అక్కడ వంద సార్లు ఓడినా కత్తికి కత్తి అడ్డు పెట్టే విద్య పెద్దగా పెరగదు. కష్టం వేరు, ఉపయోగం వేరు.

తేలికైనవాడినే పదేపదే కొట్టడం కూడా దండగే. చేతికి వచ్చిన పాఠాన్ని వల్లె వేస్తే పొద్దుపోతుంది తప్ప విద్య పెరగదు.

ఇక అరువు బలం మూడోది. అదే సంస్థ 2022 ఫిబ్రవరిలో విడుదల చేసిన 'ఎల్డెన్ రింగ్'లో ఆత్మలను, తోటి ఆటగాళ్లను సాయానికి పిలుచుకోవచ్చు. కథ ముందుకు సాగడానికి అది తప్పేమీ కాదు. సాధనకు మాత్రం పనికిరాదు. బాస్ చూపు సాయం వచ్చినవారి మీద ఉంటే ఆటగాడు నేర్చుకునేది ఏముంటుంది?

ఏ లోటుకు ఎవరు?

సాధనకు బాస్‌ను ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు చూడాలి. తనకు రాని ఒక్క విద్యను ఆ బాస్ పదేపదే అడగాలి. దెబ్బకు ముందు స్పష్టమైన సైగ ఉండాలి. ఓడిన వెంటనే మళ్లీ అతడి ముందుకు చేరగలగాలి. 2011లో వచ్చిన 'డార్క్ సోల్స్'లో ఓడిన ప్రతిసారీ కొన్ని బాస్‌ల దగ్గరకు చాలా దూరం నడిచి వెళ్లవలసి వచ్చేది. ఎల్డెన్ రింగ్‌లో అనేక చోట్ల బాస్ సమీపంలోనే తిరిగి లేచే ఏర్పాటు ఉంది. నడకకు పోయే సమయం సాధనకు మిగులుతుంది.

తొందరపడి ముందే దొర్లిపోయే అలవాటు ఉన్నవారికి ఎల్డెన్ రింగ్‌లో మార్గిట్ మంచి మందు. చేతికర్ర ఎత్తి, వెంటనే కొట్టకుండా ఆగి కొడతాడు. ఎత్తడం చూసి కదిలినవాడికి దెబ్బ తగులుతుంది. దించడం చూసి కదిలినవాడు తప్పించుకుంటాడు. డాలుతో కత్తిని తిప్పికొట్టడం నేర్వాలంటే స్టార్మ్‌హిల్ చెరలో ఉన్న క్రూసిబుల్ నైట్ ఉన్నాడు. వేటు బరువైనది గాని, వచ్చే దారి కనిపిస్తుంది.

ఆస్ట్రేలియాకు చెందిన టీమ్ చెర్రీ 2017లో తెచ్చిన 'హాలో నైట్'లో మాంటిస్ లార్డ్స్ అనే దొరలు ఉన్నారు. వారికి తెలిసిన దెబ్బలు మూడే. ముందు ఒక్కరే వస్తారు. ఆ ఒక్కరూ ఓడాక మిగిలిన ఇద్దరూ కలిసి వస్తారు. తెలిసిన పాఠాన్నే రెట్టింపు వేగంతో అప్పజెప్పించుకునే పద్ధతి ఇది. 2018 ఆగస్టులో ఈ ఆటకు చేర్చిన భాగంలో, ఎదుర్కొన్న బాస్‌లను మూడు స్థాయిల్లో మళ్లీ పిలుచుకునే మందిరం కూడా ఉంది. అన్నిటికంటే పై స్థాయిలో ఒక్క దెబ్బ తగిలినా ఆట ముగుస్తుంది.

సాధన తీరు

బాస్ దొరికాక ఒక్కొక్క పూట ఒక్కొక్క లక్ష్యమే పెట్టుకోవాలి. మొదటి కొన్ని ఆటల్లో కత్తి ఎత్తకుండా దెబ్బలు కాచుకోవడమే చేయాలి. ఎంతసేపు నిలిచిందీ, ఏ దెబ్బకు పడిందీ కాగితం మీద రాసుకోవాలి. ఒకే దెబ్బ నాలుగైదుసార్లు కాగితం మీదకు ఎక్కితే అదే ఆ రోజు పాఠం. చేయి అలిసి కోపం వచ్చాక ఆడిన ఆట తప్పుడు అలవాట్లను నేర్పుతుంది కనుక అక్కడితో కట్టిపెట్టడం మేలు.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఉన్నా, ఒక్కొక్కసారి మద్దెల కూడా ఓడుదే అవుతుంది. కొన్ని టీవీలు బొమ్మకు మెరుగులు దిద్దడంలో క్షణంలో కొంత భాగం ఆలస్యం చేస్తాయి. కత్తికి అడ్డు పెట్టే ఆటలో ఆ కాస్త ఆలస్యమే కొంప ముంచుతుంది. టీవీలో 'గేమ్ మోడ్' ఉంటే అది పెట్టుకున్నాకే సాధన మొదలు పెట్టాలి.

జోడీని ఎప్పుడు వదలాలన్నది కూడా తెలియాలి. సెకిరోలో గాయాలు మాన్పే మందు సొరబుర్రలో ఉంటుంది. ఆ సొరబుర్ర ముట్టకుండా ఒకే బాస్‌ను వరుసగా రెండుసార్లు ఓడించగలిగితే, అతడి దగ్గర నేర్చుకోవలసింది అయిపోయినట్లే. తరువాత ఏ దెబ్బ కాచుకోవడం రావడం లేదో చూసుకుని, అది కొట్టేవాడిని వెతుక్కోవచ్చు.