“మన పాత కంప్యూటర్లో జీటీఏ ఆడుద్దా బావా?”

మొన్న సంక్రాంతికి ముమ్మిడివరం వెళ్లాను. బ్యాగు ఇంకా భుజం మీదే ఉంది, మావయ్య కొడుకు గుమ్మంలోనే పట్టుకున్నాడు. “బావా, మన సిస్టమ్‌లో జీటీఏ ఫైవ్ ఆడుద్దా?” కాఫీ కూడా తాగనివ్వలేదు.

వాడి వెనకాలే మావయ్య. “చూడరా అల్లుడూ, ఇది పనికిరాదంట. డెబ్భై వేలెట్టి గేమింగ్ లాప్‌టాప్ కొనమంటన్నాడు. కొబ్బరికాయల డబ్బులున్నాయి గానీ అవి ఆడి కాలేజీ ఫీజుకి దాచినవి. నువ్వు చూసి చెప్పు. నువ్వెలా అంటే అలాగే.”

అయిపోయింది. కొనమంటే ఫీజు డబ్బులకి గండి. వద్దంటే ఏడాదంతా బావ మీద అలక.

ఆ సిస్టమ్ నాకు పాత స్నేహితుడే. మావయ్య మెయిన్ రోడ్డులో నెట్ సెంటర్ నడిపే రోజుల్లోది. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజు దాని ముందు క్యూ ఉండేది. ఇప్పుడు రిజల్ట్స్ అందరి ఫోన్లలోనే వస్తున్నాయి కదా, సెంటర్ మూసేశాక ఒక్కటి ఇంటికి తెచ్చుకున్నాడు. మీ ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి మూలన ఉండే ఉంటుంది. అమ్మేసే ముందు, కొత్తది కొనే ముందు, మేం చేసింది ఒకసారి చేసి చూడండి.

ముందు లోపల ఏముందో చూడాలి

మూత తీయక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట అన్నీ ఉంటాయి. మాది తేలింది ఇదీ: ఇంటెల్ ఐ5-3470 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విడిగా గ్రాఫిక్ కార్డు లేదు, విండోస్ 10.

“ఐ5 అంటే మంచిదే కదా బావా, ఐ3 కంటే పెద్దది కదా?” అన్నాడు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఐ5 అన్నది ఇంటిపేరు లాంటిది. దాని తర్వాత వచ్చే నంబరు చూడాలి. 3470లో మొదటి 3 అంటే మూడో తరం, 2012 నాటిది. నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు. 2020లో వచ్చిన ఐ3-10100లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. ఆ కొత్త ఐ3 ముందు మన పాత ఐ5 నిలబడదు.

గ్రాఫిక్ కార్డుల్లోనూ ఇదే తిరకాసు. జీటీ 710, జీటీఎక్స్ 750 టీఐ రెండూ 2 జీబీవి దొరుకుతాయి. మొదటిదాంట్లో ఉన్నవి 192 కోర్లు, రెండోదాంట్లో 640. “రెండు జీబీ కార్డండీ” అని ఎవరైనా అమ్మబోతే జీబీలు కాదు, మోడల్ పేరు అడగండి.

గేమ్ ఏమడుగుతోంది?

ప్రతి గేమ్‌కీ రెండు లిస్టులుంటాయి. మినిమమ్ అంటే తెరుచుకుంటుంది, తక్కువ సెట్టింగుల్లో ఎలాగోలా నడుస్తుంది అని. రికమెండెడ్ అంటే హాయిగా ఆడుకోవచ్చు అని. మన సిస్టమ్ ఆ రెండింటి మధ్య ఎక్కడుందో చూసుకోవాలి.

జీటీఏ ఫైవ్ పీసీకి 2015 ఏప్రిల్ 14న వచ్చింది. దాని రికమెండెడ్ ప్రాసెసర్ పేరు చదవగానే మావాడు కుర్చీలోంచి లేచాడు. ఐ5-3470. అచ్చంగా మాదే! కానీ ర్యామ్ 8 జీబీ, కార్డు జీటీఎక్స్ 660 అని కూడా ఉంది. అంటే తల సరిపోయింది, ఒళ్లే సరిపోలేదు. ఇంకో మాట, 2025 మార్చిలో ఇదే గేమ్ ఎన్‌హాన్స్‌డ్ పేరుతో మళ్లీ వచ్చింది. దాని లిస్టు ఇంకా పెద్దది. పాత సిస్టమ్ వాళ్లు లెగసీ అని ఉన్నదే చూసుకోవాలి.

వాలరెంట్ చాలా తక్కువే అడుగుతుందని పేరు. 4 జీబీ ర్యామ్, ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్ ఉంటే సెకనుకు 30 ఫ్రేములు వస్తాయని కంపెనీ మాట. మాదీ అదే మూడో తరం ప్రాసెసర్ కదా అనుకున్నాం. తీరా చూస్తే ఇందులో ఉన్నది హెచ్‌డీ 2500. హెచ్‌డీ 4000లో బొమ్మ గీసే యూనిట్లు 16 ఉంటే దీంట్లో 6. కార్డు లేకుండా అదీ కష్టమే.

కౌంటర్ స్ట్రైక్ 2కి 8 జీబీ ర్యామ్, 85 జీబీ ఖాళీ స్థలం కావాలి. మావయ్య వాళ్లది 15 ఎంబీపీఎస్ లైను. లెక్కేస్తే డౌన్‌లోడ్‌కే పన్నెండున్నర గంటలు. రాత్రి తొమ్మిదికి పెడితే పొద్దున్న తొమ్మిదిన్నరకి అవుతుంది, అదీ మధ్యలో కరెంటు పోకపోతే.

తగ్గించుకోగలిగేది, తగ్గనిది

నీడలు, గడ్డి, నీళ్ల మెరుపులు తగ్గించుకుంటే చాలా గేములు పాత కంప్యూటర్లోనూ కదులుతాయి. మా పాత మానిటర్ 1366 బై 768. దాన్ని చూసి మావాడు సిగ్గుపడ్డాడు గానీ, నిజానికి అది వరం. ఫుల్ హెచ్‌డీ స్క్రీన్‌కి ప్రతి ఫ్రేములో 20 లక్షలకు పైగా చుక్కలు గీయాలి. దీనికి పదిన్నర లక్షలు చాలు. కార్డుకి సగం పని తప్పినట్టే.

కొన్ని గేములు మాత్రం బేరానికి రావు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్‌కి రే ట్రేసింగ్ చేయగల కార్డు ఉండి తీరాలి. లేదంటే నెమ్మదిగా కాదు, అసలే నడవదు. సైబర్‌పంక్ 2077 ఇప్పుడు మినిమమ్‌లోనే ఐ7-6700, 12 జీబీ ర్యామ్, 6 జీబీ జీటీఎక్స్ 1060, ఎస్ఎస్‌డీ అడుగుతోంది. మావాడి లిస్టులో అదీ ఉంది. “ఇది మర్చిపోరా” అన్నాను. మొహం మాడ్చుకున్నాడు. అయినా అబద్ధం చెప్పి ఎనిమిది వేలు ఖర్చు పెట్టించడం కంటే అదే నయం.

విండోస్ సంగతీ చూసుకోవాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్ నుంచే. అంటే ఇలాంటి సిస్టమ్ మీద పెట్టే ప్రతి రూపాయీ రెండు మూడేళ్ల కోసమే అనుకుని పెట్టాలి.

మూత తీస్తే...

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లొచ్చి, సాయంత్రం స్క్రూడ్రైవర్ పట్టుకున్నాం. లోపల దుమ్ము, సాలెగూడు, ఒక మూల బల్లి గుడ్లు! అత్తయ్య ఒక్క కేక పెట్టింది. ప్రాసెసర్ మీది పేస్టు ఎండిపోయి సున్నంలా రాలుతోంది. వేడి ఎక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. మన కోనసీమ తేమలో దుమ్ము బూడిదలా ఉండదు, ఫ్యానుకి బంకలా పట్టేస్తుంది. కొత్తది కొనే ముందు బ్రష్షుతో శుభ్రం చేసి, కొత్త పేస్టు పూసి చూడండి. దానికయ్యేది కొద్ది ఖర్చే.

పవర్ సప్లై మీద ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. పాత ఆఫీసు సిస్టమ్‌లకి గ్రాఫిక్ కార్డుకి వేరుగా ఇచ్చే వైరు తరచుగా ఉండదు. అప్పుడు స్లాటు నుంచి వచ్చే 75 వాట్లతో బతికే కార్డే తీసుకోవాలి. 750 టీఐ 60 వాట్లతో నడుస్తుంది. కొన్ని కంపెనీలు దానికీ వైరు పెడతాయి కాబట్టి ఫొటో చూసి కొనాలి. క్యాబినెట్ సన్నగా ఉంటే పొట్టి కార్డు కావాలి.

నేను మోసపోయిన సంగతి

2018లో నా మొదటి జీతంతో ఆన్‌లైన్లో ఒకతని దగ్గర ఏడు వేలకి “1050 టీఐ” కొన్నాను. విండోస్‌లో పేరు కరెక్టుగానే చూపించింది. గేమ్ తెరిస్తే క్రాష్. ఎప్పటిదో పాత కార్డుకి లోపలి సాఫ్ట్‌వేర్ మార్చి కొత్త పేరు పెట్టారు. అతని ఫోను ఆ తర్వాత మోగలేదు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో చూసి ఉంటే ఫేక్ అని పట్టేసేది. అందుకే ఈసారి సికింద్రాబాద్ సీటీసీలో షాపు వాళ్ల ముందే కార్డు పెట్టించి, జీపీయూ-జెడ్‌లో 640 కోర్లు కనబడ్డాకే డబ్బులిచ్చాను.

పాత 750 టీఐ, ఇంకో 4 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్ఎస్‌డీ. మూడూ కలిపి ఆరు వేలు దాటలేదు. విండోస్ ఎస్ఎస్‌డీలోకి, గేములు పాత హార్డ్ డిస్క్‌లోకి. ఎస్ఎస్‌డీ వల్ల ఫ్రేములు పెరగవు గానీ సిస్టమ్ ఆన్ అవడం, కాలేజీ పని చేసుకోవడం హాయిగా ఉంటుంది.

ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లి అన్నీ బిగించాం. జీటీఏ సాఫీగా నడుస్తోంది. కౌంటర్ స్ట్రైక్ మాత్రం కాల్పులు ఎక్కువైన చోట తడబడుతోంది. గేమ్ కొనే ముందు అదే ప్రాసెసర్, అదే కార్డు పేర్లతో యూట్యూబ్‌లో వీడియో వెతకడం ఇప్పుడు వాడికీ అలవాటైంది. స్టీమ్‌లో కొన్నది రెండు గంటల లోపే ఆడి, 14 రోజుల్లోగా వెనక్కిస్తే డబ్బులు తిరిగొస్తాయని కూడా చెప్పాను.

మావయ్య పక్కన నిలబడి కాసేపు చూశాడు. మావాడు కారుతో రెండు స్తంభాలు కూల్చేసి, వంతెన మీంచి నీళ్లలోకి దూకించాడు.

“ఒరేయ్,” అన్నాడు మావయ్య, “నీకు బండి తాళాలు మాత్రం ఇవ్వన్రా. ఎదుర్లంక వంతెన దగ్గరే ఉంది.”

ఫీజు మర్నాడే కట్టేశాడు.